ఓకే, నోటెడ్, థాంక్యూ: ఏ మాట ఎవరికి?

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ధాన్యం కొనే కంపెనీలు రైతులతో ముందస్తు ఒప్పందాలు చేసుకోవడం మామూలే. 2021 మార్చిలో అలాంటి కంపెనీ ప్రతినిధి ఒకాయన ఒక రైతుతో ఫోన్‌లో మాట్లాడి, సుమారు 87 టన్నుల అవిసె గింజలకు కాంట్రాక్టు కాగితం తయారుచేశాడు. ధర బుషెల్‌కు 17 డాలర్లు, సరుకు నవంబరులో చేర్చాలి. కాగితం మీద తన సంతకం పెట్టి, సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి రైతుకు పంపాడు. అవిసె కాంట్రాక్టును దయచేసి కన్ఫర్మ్ చేయమని కింద ఒక ముక్క రాశాడు. రైతు నుంచి బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి వచ్చింది. మాటల్లేవు.

నవంబరు నాటికి అవిసె ధర బుషెల్‌కు 41 డాలర్లకు ఎగబాకింది. సరుకు మాత్రం రాలేదు. కంపెనీ కోర్టుకెక్కింది. కాగితం అందిందని చెప్పడానికే బొమ్మ పెట్టాను, షరతులకు ఒప్పుకున్నానని కాదు, పూర్తి కాంట్రాక్టు తర్వాత వస్తుందనుకున్నాను అని రైతు వాదించాడు. కంపెనీ పాత మెసేజీలు తీసి చూపించింది. అంతకుముందు కాంట్రాక్టులకు ఇదే రైతు 'లుక్స్ గుడ్' అనో 'ఓకే' అనో 'యప్' అనో పొట్టి జవాబులే ఇచ్చాడు. ప్రతిసారీ సరుకు చేర్చి డబ్బు తీసుకున్నాడు. ఆ అలవాటును బట్టి చూస్తే ఈ బొటనవేలు సంతకంతో సమానమేనని 2023 జూన్‌లో జడ్జి తీర్పు చెప్పాడు. నష్టపరిహారం 82 వేల కెనడా డాలర్లు దాటింది. 2024 డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా, మెజారిటీ అభిప్రాయంతో, ఆ తీర్పునే నిలబెట్టింది.

ఇంగ్లిష్‌లోనే వ్యాపారం చేసుకునే ఇద్దరి మధ్యే 'అందింది'కీ 'ఒప్పుకున్నాను'కీ తేడా ఇంత ఖరీదు పడింది. రోజంతా మెయిళ్లలో, చాట్‌లో ఇంగ్లిష్ రాసే మన ఉద్యోగులు, విద్యార్థులు ఈ మాటల దగ్గర తడబడటంలో వింతేమీ లేదు. వీటిని నేర్పే పుస్తకాలు చాలావరకు ఏది ఎక్కువ మర్యాద, ఏది తక్కువ మర్యాద అని వరసపెడతాయి. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. మర్యాదనే కొలతగా పెట్టుకుంటే ప్రతిచోటా అన్నిటికన్నా బరువైన మాటే వాడాలనిపిస్తుంది. పాస్‌వర్డ్ మార్చిపెట్టిన కుర్రాడికి కూడా జన్మంతా రుణపడి ఉంటానని రాసేస్తాం. దానికి బదులు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మాట అనేశాక నా నెత్తిన ఏం పడుతుంది? సమ్మతి తెలిపే మాటైతే పూచీ పడుతుంది. కృతజ్ఞత తెలిపే మాటైతే బాకీ పడుతుంది. ఎంత పూచీ, ఎంత బాకీ అన్నది తేలితే తగిన మాట వెతుక్కోవడం పెద్ద పని కాదు.

సరే, కానీ ఎంతవరకు?

'ఓకే' పుట్టుకే ఒక వేళాకోళం. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రిక 'ఆల్ కరెక్ట్' అన్న మాటను కావాలని తప్పు స్పెల్లింగుతో తీసుకుని, ఓ, కె అని రెండక్షరాలకు కుదించి అచ్చేసింది. అప్పట్లో అక్కడి పత్రికలకు అలాంటి తప్పుడు పొట్టిమాటల సరదా ఉండేది. మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికల్లో మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను ఆయన సొంతూరు కిండర్‌హుక్ పేరుమీద 'ఓల్డ్ కిండర్‌హుక్' అని పిలుస్తూ అనుచరులు ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన ఎన్నికలో ఓడిపోయాడు, మాట మాత్రం గెలిచింది. ఈ చరిత్రంతా 1960లలో తవ్వి తీసింది కొలంబియా విశ్వవిద్యాలయంలోని భాషావేత్త అలెన్ వాకర్ రీడ్.

మొదట 'అంతా సరిగ్గా ఉంది' అని మాత్రమే చెప్పిన ఆ మాట ఇవాళ ఎన్ని పనులు చేస్తోందో లెక్కలేదు. మన 'సరే' కూడా అంతే. కాకపోతే 'సరే' అన్నప్పుడు మొహం కనిపిస్తుంది, సాగదీత వినిపిస్తుంది. 'సర్లే' అంటే ఒకటి, 'సరే మరి' అంటే ఒకటి. మెయిల్‌లోని ఓకేకు ఆ సాయం లేదు.

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు అనుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా క్లయింటు చాట్‌లో అడిగాడు: రిలీజ్‌ను శుక్రవారం రాత్రికి జరపవచ్చా? ఇక్కడి అమ్మాయి 'ఓకే సర్' అని కొట్టింది. ఆమె మనసులో ఉన్నది 'విన్నాను, మా లీడ్‌ని అడుగుతాను' అని. అక్కడివాడికి అందింది 'జరుపుతున్నాం' అని. అతను తన పైవాళ్లకు తేదీ చెప్పేశాడు. శుక్రవారం ఇక్కడ సగం టీమ్ పండగకి ఊళ్లకు బయలుదేరింది. ఈ గొడవలో అబద్ధం ఆడినవాళ్లు ఎవరూ లేరు, మర్యాద తప్పినవాళ్లూ లేరు.

ఆ ఓకే లోపల ఎన్ని మెట్లున్నాయో చూడండి. అన్నిటికన్నా కింద 'నాకు అందింది'. దానికి 'రిసీవ్డ్' లేదా 'గాట్ యువర్ మెసేజ్' చాలు. ఏ పూచీ లేదు. ఆ పైన 'అర్థమైంది': 'అండర్‌స్టుడ్', 'గాట్ ఇట్'. ఇక్కడ కొంచెం పూచీ ఉంది, ఎందుకంటే తర్వాత 'నాకు తెలియదు' అనే వీలు పోతుంది. ఇంకో మెట్టు 'నాకు అభ్యంతరం లేదు': 'నో ఆబ్జెక్షన్', 'ఫైన్ బై మి', 'ఐయామ్ ఓకే విత్ దట్'. దీని పైన 'నేనూ అదే అంటున్నాను': 'ఐ అగ్రీ', 'అగ్రీడ్'. అన్నిటికన్నా పైన 'చేయండి, ఏమైనా వస్తే నేను చూసుకుంటాను': 'అప్రూవ్డ్', 'ప్లీజ్ గో అహెడ్'. మాదాపూర్ అమ్మాయి ఉన్నది రెండో మెట్టు మీద. 'గాట్ ఇట్, లెట్ మి చెక్ విత్ మై లీడ్ అండ్ కన్ఫర్మ్ టుమారో' అని రాసి ఉంటే రెండో మెట్టు మీద ఉన్నానని, ఐదో మెట్టు ఎవరి చేతిలో ఉందో, జవాబు ఎప్పుడొస్తుందో, మూడూ ఒక్క వాక్యంలో తేలిపోయేవి.

మూడో మెట్టుకీ ఐదో మెట్టుకీ తేడా మనవాళ్లకు బాగానే తెలుసు, ఇంగ్లిష్ రాసేటప్పుడు గుర్తురాదంతే. ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన బండిని తెలంగాణకు మార్చుకోవాలంటే పాత ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుంటాం. ఆ కాగితంతో ఆ ఆఫీసు చెప్పేది 'మేం అడ్డు చెప్పం' అని. బండి మంచిదని గానీ, కొత్త చోట రిజిస్టర్ చేసి తీరాలని గానీ కాదు. మీటింగ్‌లో మీ సలహా అడిగినప్పుడు, విషయం మీ పరిధిలోది కానప్పుడు, 'నో ఆబ్జెక్షన్ ఫ్రమ్ మై సైడ్' సరిగ్గా ఈ పని చేస్తుంది. దాని బదులు ఉత్సాహం కొద్దీ 'అప్రూవ్డ్' అంటే, రేపు లెక్కలు తేడా వచ్చినప్పుడు ఆ మెయిల్ మీ పేరుతోనే బయటికొస్తుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ మెట్లు తెర మీదే కనిపిస్తాయి. గిట్‌హబ్‌లో ఇంకొకరి కోడ్ చూశాక మూడు దారులుంటాయి: కామెంట్, అప్రూవ్, రిక్వెస్ట్ చేంజెస్. అప్రూవ్ నొక్కడమంటే తప్పులో వాటా తీసుకోవడం. సీనియర్ రాసిన కోడ్‌ని చూడమన్నప్పుడు మొహమాటంతో 'ఎల్‌జీటీఎం' అని నాలుగక్షరాలు కొట్టి వదిలేసే జూనియర్లు ప్రతి టీమ్‌లో ఉంటారు. ఆ నాలుగక్షరాల పూర్తి రూపం 'లుక్స్ గుడ్ టు మి'. అందులో చివరి 'టు మి' ఊరికే లేదు. నేను చూసినంత మేరకు అని హద్దు గీస్తోంది. సగమే చూస్తే ఆ సగాన్నే చెప్పండి: 'ఐ హావ్ చెక్డ్ ది డేటాబేస్ పార్ట్, దట్ లుక్స్ గుడ్. ఐ హావెంట్ లుక్డ్ ఎట్ ది రెస్ట్.' ఇలా రాస్తే చిన్నతనమేమీ కాదు. చూడని దానికి సంతకం పెట్టలేదని పైవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

'అప్రూవ్' పక్కన 'ఆఫ్' చేరితే సంగతి మారిపోతుంది. మేనేజరు సెలవు అప్రూవ్ చేస్తారు, అది సంతకం. కొడుకు ఉద్యోగం మానేసి సినిమాల్లోకి పోతానంటే నాన్న 'డజ్ నాట్ అప్రూవ్ ఆఫ్ ఇట్', అది మనసు. కాగితానికి 'ఆఫ్' వద్దు, అభిప్రాయానికి కావాలి. నా లీవ్‌ని 'ప్లీజ్ అప్రూవ్ ఆఫ్' అని రాస్తే, నా సెలవు మీ మనసుకు నచ్చాలని ప్రాధేయపడినట్టుంటుంది.

ఇక 'నోటెడ్'. ఈ మాటలో తప్పేమీ లేదు, కానీ ఇది రిజిస్టర్లో రాసుకున్న గుమాస్తా మాట. పైవాళ్లు ఒక మార్పు చెప్పినప్పుడు సరిపోతుంది. క్లయింటు ఫిర్యాదు రాస్తే, తోటి ఉద్యోగి వాళ్లింట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని చెబితే, 'నోటెడ్' అనడం రిజిస్టరు మూసి పక్కన పెట్టినట్టే. మనదేశంలో, సింగపూర్, మలేషియా ఆఫీసుల్లో 'నోటెడ్ విత్ థాంక్స్' అని రాసే అలవాటుంది. దాంతో చలి కొంత తగ్గుతుంది గానీ, రాసుకుని ఏం చేశారన్నది తెలియదు. చేసిన పని చెప్పండి: 'థాంక్స్, ఐ హావ్ చేంజ్డ్ ది డేట్ ఇన్ ది షీట్.'

'సౌండ్స్ గుడ్' ఎదుటివాళ్లు ఒక ప్లాన్ చెప్పినప్పుడు ఉత్సాహంగా ఒప్పుకునే మాట. 'దట్స్ ఫైన్' మామూలు సమ్మతి. ఒంటరిగా 'ఫైన్' అని రాసి చుక్క పెడితే మాత్రం 'నీ ఇష్టం, ఏమైనా చేసుకో' అని వినిపిస్తుంది. కాఫీ కావాలా అంటే మనం మొహమాటంగా 'ఇట్స్ ఓకే' అంటాం, వద్దని మన ఉద్దేశం. విదేశాల్లో అది అవునో కాదో తేలక ఎదుటివాళ్లు కప్పు పట్టుకుని నిలబడతారు. 'నో, థాంక్యూ' అనేస్తే గొడవ లేదు. అమెరికాలో 'ఐయామ్ గుడ్' అన్నా వద్దనే.

శభాష్ ఎవరు ఎవరికి అనాలి?

'మా సార్ నన్ను అందరి ముందూ అప్రిషియేట్ చేశారు.' ఈ వాక్యం తెలుగులో నిక్షేపంలా ఉంది. దీన్నే యథాతథంగా ఇంగ్లిష్‌లోకి దించితే తేడా కొడుతుంది. మనం అప్రిషియేట్ అనేది నోటితో మెచ్చుకోవడానికి. అక్కడ దానికి 'ప్రెయిజ్' ఉంది. అప్రిషియేట్ ప్రధానంగా మనసులో విలువ కట్టడం. దాని లాటిన్ మూలంలో ఉన్నది ధర అన్న మాటే. షేర్లు, స్థలాల విలువ పెరిగినా అప్రిషియేట్ అయ్యాయనే అంటారు. అందుకే 'మై బాస్ ప్రెయిజ్డ్ మి ఇన్ ఫ్రంట్ ఆఫ్ ది టీమ్' అనాలి. 'మై బాస్ అప్రిషియేట్స్ మి' అంటే ఆయనకు నా విలువ తెలుసు అని. ఆయన ఆ సంగతి ఏనాడూ నోరు తెరిచి చెప్పి ఉండకపోవచ్చు.

ఇదే మాట ఇంకో రెండు వేషాలు వేస్తుంది. 'ఐ అప్రిషియేట్ దట్ యు ఆర్ బిజీ' అని మొదలైతే ఎవరో మిమ్మల్ని మెచ్చుకుంటున్నారని సంబరపడకండి. 'మీకు తీరిక లేదని నాకు తెలుసు' అని దాని అర్థం, వెనకాలే 'బట్' వస్తోంది, అసలు సంగతి ఆ బట్ తర్వాతే. రెండోది 'ఐడ్ అప్రిషియేట్ ఇట్ ఇఫ్ యు కుడ్'. ఇది కోరిక. మొదటిసారి రాస్తే మర్యాదైన కోరిక. ఒకటి రెండు రిమైండర్ల తర్వాత రాస్తే, పళ్లు బిగపట్టి అడుగుతున్నారని ఇంగ్లిష్ వాళ్లకు తెలిసిపోతుంది. మనవాళ్లు ఇందులో 'ఇట్' తరచూ మింగేస్తారు. అది ఉండి తీరాలి.

మెచ్చుకోలు మాటల్లో అసలు చిక్కు దిశది. మెచ్చుకోవడమంటే మార్కులు వేయడం. మార్కులు వేసే హక్కు అందరికీ ఉండదు. మన దగ్గర సంగీతం మాస్టారు కీర్తన పాడి ముగించాక శిష్యుడు 'శభాష్' అనడు. అలా అనకూడదని ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. కానీ అదే శిష్యుడు ఆఫీసుకెళ్లి డైరెక్టరు ప్రెజెంటేషన్ అయ్యాక 'గుడ్ జాబ్ సర్', 'కీప్ ఇట్ అప్ సర్' అని నిస్సంకోచంగా రాస్తాడు. 'గుడ్ జాబ్', 'వెల్ డన్', 'కీప్ ఇట్ అప్', 'ఐ అప్రిషియేట్ యువర్ ఎఫర్ట్స్' అన్నీ శభాష్ కుటుంబమే. పైనుంచి కిందికి, లేదా సాటివాళ్ల మధ్య చెల్లుతాయి. కింది నుంచి పైకి చెల్లవు, చివర్లో సర్ తగిలించినా.

మరి పైవాళ్లను మెచ్చుకోకూడదా? మెచ్చుకోవచ్చు, మార్కులు వేయకుండా. వాళ్లు చేసినదానివల్ల మీకు ఏం ఒరిగిందో చెప్పండి. 'దట్ బిల్లింగ్ ఎగ్జాంపుల్ క్లియర్డ్ అప్ ఎ లాట్ ఫర్ మి, థాంక్యూ' అంటే డైరెక్టరు సంతోషిస్తారు, మీరు నిజంగా విన్నారని కూడా ఆయనకు తెలుస్తుంది. కిందివాళ్లకు రాసేటప్పుడు కూడా ఇదే పద్ధతి మేలు. ప్రతి శుక్రవారం అందరికీ కలిపి 'గ్రేట్ వర్క్ టీమ్' అని పంపే మేనేజరు మెసేజ్‌ని ఎవరూ తమదిగా తీసుకోరు.

బ్రిటన్‌కీ అమెరికాకీ కొలతలు వేరు. 'క్వైట్ గుడ్' అంటే బ్రిటిష్ నోట ఎక్కువగా 'ఫర్లేదు, బాగానే ఉంది' అని. అమెరికన్ నోట 'చాలా బాగుంది' అని. గుంటూరులో నర్సింగ్ చదివి ఇంగ్లండ్ ఆస్పత్రిలో చేరిన అమ్మాయికి వార్డు ఇన్‌చార్జి 'నాట్ బ్యాడ్ ఎట్ ఆల్' అంటే కుంగిపోనక్కర్లేదు, అది మంచి మెప్పే. 'క్వైట్ గుడ్' అంటేనే ఇంకొంచెం కష్టపడాలి.

థాంక్స్ అంటే బాకీ ఒప్పుకోవడం

భాషా తత్వవేత్త జాన్ సెర్ల్ 1969లో వచ్చిన 'స్పీచ్ యాక్ట్స్' పుస్తకంలో థాంక్స్ చెప్పడానికి ఏమేం కావాలో విడదీసి చూపించాడు. ఎదుటి మనిషి ఒక పని చేసేసి ఉండాలి. దానివల్ల మీకు మేలు జరిగి ఉండాలి. ఆ మేలు మీరు గుర్తించి ఉండాలి. పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే ఇద్దరు ఇంకో అడుగు వేశారు. మర్యాద మాటల మీద వాళ్లు చేసిన పరిశోధనకు ఇంగ్లిష్‌తోపాటు మెక్సికోలోని త్సెల్తాల్, మన పక్కింటి తమిళం ఆధారం. థాంక్స్ చెప్పేవాడు తాను బాకీ పడ్డానని ఒప్పుకుంటూ కొంచెం తగ్గుతాడని వాళ్లంటారు.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. చిన్ననాటి స్నేహితుడికి థాంక్స్ అంటే 'మనలో మనకి థాంక్సేంట్రా' అని కసురుతాడు. థాంక్స్ అన్నారంటే లెక్క తేల్చేసి పరాయివాళ్లను చేశారని వాడి బాధ. అమ్మకు అన్నం పెట్టినందుకు థాంక్స్ చెప్పం. అందువల్ల ఇంగ్లిష్‌లోకి అడుగుపెట్టగానే మనవాళ్లు రెండు రకాలుగా విడిపోతారు: అసలు చెప్పనివాళ్లు, ప్రతి వాక్యం చివరా చెప్పేవాళ్లు. రెండోవాళ్లకు ఒక సమాచారం. 2018లో రాయల్ సొసైటీ ఓపెన్ సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం అచ్చయింది. ఇళ్లలో, ఇరుగుపొరుగుల మధ్య మామూలు మాటల్ని ఎనిమిది భాషల్లో రికార్డు చేసి చూశారు. అడిగిన సాయం అందాక నోటితో కృతజ్ఞత చెప్పింది సగటున 20 సార్లకు ఒకసారి. ఇంగ్లిష్‌లో ఎక్కువ, కానీ అక్కడా దాదాపు ఏడుసార్లకు ఒకసారే. ఈక్వెడార్‌లోని చాపలా భాషలో ఇందుకు ప్రత్యేకమైన మాటే లేదు. ఇది ఇంటి లెక్క, ఆఫీసు లెక్క కాదు. అయినా ఇంగ్లిష్ వాళ్లు పొద్దస్తమానం థాంక్యూ అంటూనే ఉంటారన్న మన నమ్మకం కొంచెం సడలించుకోవచ్చు.

ఆఫీసులో మాత్రం మాట కావాలి. ఎందుకంటే అక్కడ మనిషి మొహం చూసి బాకీ గుర్తుందో లేదో తెలుసుకునే వీలుండదు. ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జీనో 2010లో ప్రచురించిన ప్రయోగం దీన్ని చక్కగా చూపిస్తుంది. ఒక విద్యార్థి ఉద్యోగ దరఖాస్తుకు రాసుకున్న లేఖను దిద్దిపెట్టమని కొందరిని అడిగారు. దిద్దాక, సగంమందికి ఆ విద్యార్థి పేరుతో 'మీ సూచనలు అందాయి' అని మాత్రమే జవాబు వెళ్లింది. మిగతా సగానికి అదే వాక్యం, దాంతోపాటు మనసారా కృతజ్ఞతలు. రెండిట్లోనూ ఇంకో లేఖ కూడా దిద్దిపెట్టమని అడిగారు. 'అందాయి' అని మాత్రమే విన్నవాళ్లలో 32 శాతం మంది మళ్లీ సాయం చేశారు. కృతజ్ఞత విన్నవాళ్లలో 66 శాతం. ఆ పొడి 'అందాయి' మన నోటెడ్‌కు తోబుట్టువు కాదూ!

ఎంత బాకీకి ఎంత మాట అన్నది తేల్చడానికి ఎదుటివాళ్లు ఏం ఖర్చుపెట్టారో చూడండి. లింక్ పంపారు, డాక్యుమెంట్ తెరిచే అనుమతి ఇచ్చారు: 'థాంక్స్'. పని ఆపుకుని పావుగంట కూర్చుని సమస్య చూశారు: 'థాంక్యూ ఫర్ లుకింగ్ ఇంటూ దిస్', లేదా 'ఐ రియల్లీ అప్రిషియేట్ యువర్ హెల్ప్'. తనది కాని పని కోసం రాత్రి మేలుకున్నారు: అక్కడ 'ఐయామ్ గ్రేట్‌ఫుల్' తగిన మాట. ప్రతిదానికీ గ్రేట్‌ఫుల్ వాడితే నిజంగా అవసరమైన రోజున చేతిలో ఏమీ మిగలదు.

'గ్రేట్‌ఫుల్', 'థాంక్‌ఫుల్' కవలల్లా కనిపిస్తాయి గానీ వాటి చూపు వేరు. గ్రేట్‌ఫుల్ సాధారణంగా మనిషి వైపు చూస్తుంది: 'ఐయామ్ గ్రేట్‌ఫుల్ టు హర్'. థాంక్‌ఫుల్ ఎక్కువగా గండం గడిచినందుకు: 'ఐయామ్ థాంక్‌ఫుల్ దట్ నో వన్ వాజ్ హర్ట్'. మన 'హమ్మయ్య' దీనికి దగ్గర.

'థాంక్స్ ఇన్ అడ్వాన్స్' మీద నిపుణులు కొట్టుకుంటారు. సెర్ల్ లెక్కలో ఇది చెల్లదు, పని ఇంకా జరగలేదు కదా. ముందే థాంక్స్ చెప్పి కాదనే దారి మూసేస్తున్నారని ఎదుటివాళ్లకు గుచ్చుకోవచ్చు. మరోవైపు 2017లో బూమరాంగ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ మూడున్నర లక్షల పైచిలుకు మెయిల్ సంభాషణలు తిరగేస్తే, 'థాంక్స్ ఇన్ అడ్వాన్స్'తో ముగిసినవాటికే అన్నిటికన్నా ఎక్కువగా, సుమారు 66 శాతం వాటికి జవాబులొచ్చాయి. 'బెస్ట్' అని ముగిసినవాటికి 51 శాతం. ఈ అంకె చూసి రేపటి నుంచి అన్ని మెయిళ్లకూ అదే తగిలించేయకండి. వాళ్లు చూసినవి ఎక్కువగా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు బహిరంగంగా ఒకరి సందేహాలు ఒకరు తీర్చుకునే చోట్ల నుంచి తీసిన మెయిళ్లు. సాయం చేయడానికే అక్కడికి వచ్చినవాళ్లు వాళ్లు. నా మాట అడిగితే, ఎదుటివాళ్ల ఉద్యోగమే ఆ పని చేయడమైతే, అంటే హెల్ప్‌డెస్క్‌కో పేరోల్ విభాగానికో రాస్తుంటే, అడ్వాన్స్ థాంక్స్‌తో ఇబ్బంది లేదు. కాదనే స్వేచ్ఛ వాళ్లకు ఉన్నచోట అది వద్దు.

ఉదాహరణకు అమెరికాలో ఎంఎస్‌కు దరఖాస్తు చేసే విద్యార్థిని తన ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసరుకు సిఫార్సు లేఖ కోసం మెయిల్ రాస్తోంది. మొదటి చిత్తుప్రతిలో చిన్నప్పటి లీవ్ లెటర్ ఆవహించింది. 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి: కైండ్లీ డు ది నీడ్‌ఫుల్, ఐ షల్ బి ఎవర్ గ్రేట్‌ఫుల్, థాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్. మూడు బరువైన మాటలు ఒకదాని మీద ఒకటి పేర్చినా ఆయనకు అవసరమైన సమాచారం ఒక్కటీ లేదు. ఏ యూనివర్సిటీలు, గడువు ఎప్పుడు, ఆయన దగ్గర తను ఏ సబ్జెక్టు చదివింది? మార్చి రాస్తే ఇలా ఉంటుంది. ముందు ఆ వివరాలు. తర్వాత కోరిక: 'ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ రైట్ ఎ లెటర్ ఫర్ మి'. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ పరీక్షలో అధికారిక లేఖ రాయమన్నా ఈ వాక్యం పనికొస్తుంది. ఆ తర్వాత కాదనే దారి: ఈ నెల వీలుపడకపోతే తప్పకుండా చెప్పండి, ఇంకొకరిని అడుగుతాను. చివర్లో 'థాంక్యూ ఫర్ కన్సిడరింగ్ దిస్'. ఆయన ఇంకా లేఖ రాయలేదు, కానీ ఆలోచిస్తున్నాడు. థాంక్స్ ఆ ఆలోచనకు. సెర్ల్‌కూ ఇక్కడ అభ్యంతరం ఉండదు.

లేఖ వెళ్లాక ఇంకో మెయిల్ రాయాలి. చాలామంది రాసేది సీటు వచ్చాకే, రాకపోతే అసలు రాయరు. బాకీ పడింది లేఖ రాసినందుకు, సీటు వచ్చినందుకు కాదు. ఇబ్బందిగా ఉంటుందేమో అని ఆగేవాళ్లకు అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన ప్రయోగాల సంగతి చెప్పాలి. కృతజ్ఞతతో ఉత్తరం రాసినవాళ్లు, అందుకున్నవాళ్లు ఎంత ఇబ్బంది పడతారో ఎక్కువగా ఊహించుకున్నారు. వాళ్లకు కలిగే సంతోషాన్ని తక్కువగా ఊహించుకున్నారు. 'సెమిస్టర్ పరీక్షల హడావిడిలో కూడా మూడు లేఖలు గడువులోపు పంపారు' అని ఒక్క నిజం రాస్తే చాలు, విశేషణాల అవసరం ఉండదు.

ఎదుటివాళ్లే థాంక్స్ చెబితే

మన 'ఫర్వాలేదు' సారీకీ జవాబే, థాంక్స్‌కీ జవాబే. అదే అలవాటుతో థాంక్యూకి 'ఇట్స్ ఓకే' అంటాం. ఇంగ్లిష్‌లో అది క్షమించినట్టు వినిపిస్తుంది, సారీకి మాత్రమే వాడాలి. థాంక్యూకి 'యు ఆర్ వెల్‌కమ్' ఎక్కడైనా చెల్లుతుంది. కాస్త చనువుంటే 'ష్యూర్', 'ఎనీటైమ్'. 'నో ప్రాబ్లమ్' కుర్రకారు విరివిగా వాడతారు. ఇదేమన్నా ప్రాబ్లమా అని మొహం చిట్లించే పెద్దవాళ్లు అమెరికాలో ఇంకా ఉన్నారు గనక, వయసు మళ్లిన క్లయింటుతో పాత మాటే మేలు. ఒకప్పుడు మన కాన్వెంట్లలో నేర్పిన 'మెన్షన్ నాట్' మన దేశం దాటితే ఎవరికీ అర్థం కాదు, 'డోంట్ మెన్షన్ ఇట్' అనాలి.

మెప్పు అందుకోవడం మనకు ఇంకా కష్టం. 'వండర్‌ఫుల్ వర్క్' అని క్లయింటు అనగానే 'నో నో, నథింగ్ సర్' అని చేతులు అడ్డం పెడతాం. మన ఇళ్లలో అది వినయం. అవతలివాళ్లకు అది 'మీ అంచనా తప్పు' అన్నట్టు తగులుతుంది, పైగా మీ జీతం పెంచే మేనేజరు ఆ కాల్‌లోనే ఉంటారు. 'థాంక్యూ, ఐయామ్ గ్లాడ్ ఇట్ వర్క్డ్ ఫర్ యు' అని ఆగండి. పనిలో ఇంకొకరి చెయ్యి ఉంటే, 'టీమ్ అంతా కలిసి చేశాం' అని గుంపులో కలిపేయకుండా, ఆ రిపోర్టు భాగం ఎవరు రాశారో వాళ్ల పేరు చెప్పండి. కాల్ అయ్యాక ఆ మనిషికి విడిగా ఒక లైను పంపండి: క్లయింటు ఏమన్నాడో, ఏ భాగం గురించి అన్నాడో. అక్కడ ఒట్టి 'థాంక్స్' చాలు.